30 మిల్లీమీటర్లు దించిన జీఆర్86కు ఏ రిమ్ము, ఏ టైరు?

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెబుతాను, మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. కారు 2022 టయోటా జీఆర్86 ప్రీమియం. ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. కంపెనీ స్ప్రింగులు తీయించి 30 మి.మీ. దించే స్ప్రింగులు వేయించారు. దించాక చక్రాలు చిన్నబోయినట్టు, మడ్‌గార్డుల కింద లోపలికి నక్కినట్టు కనిపిస్తున్నాయి. ఒక మిత్రుడు తన 18×9.5 రిమ్ములు, +22 ఆఫ్‌సెట్‌వి, 245/40 ఆర్18 టైర్లతో సహా సగం ధరకు ఇస్తానంటున్నాడు. కారు రోజూ ఆఫీసుకు, నెలకోసారి ఆటోక్రాస్‌కు (ఖాళీ మైదానంలో కోన్ల మధ్య సమయం చూసి నడిపే పోటీకి). తీసుకోవచ్చా, లేకపోతే ఏ సైజు మంచిది?

తీసుకోవద్దు. ఆ రిమ్ముల్లో లోపమేమీ లేదు, ధర కూడా బాగానే ఉంది. కానీ కారును దించిన రోజే మడ్‌గార్డు లోపలి చోటులో పెద్ద వాటా మీరు ఖర్చు పెట్టేశారు. మిగిలింది ఎంతో చూసుకోకుండా రిమ్ములు కొనడం, జీతంలో అద్దె, అప్పులు పోను ఎంత మిగిలిందో చూసుకోకుండా నగల దుకాణం మెట్లెక్కడం లాంటిది.

లెక్క చూద్దాం. మీ కారుతో వచ్చింది 18×7.5 రిమ్ము, +48 ఆఫ్‌సెట్, 215/40 ఆర్18 టైరు. రిమ్ము అంకెలు వ్యాసం, వెడల్పు, అంగుళాల్లో. టైరు అంకెల్లో 215 వెడల్పు మిల్లీమీటర్లలో, 40 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 40 శాతం, 18 రిమ్ము వ్యాసం. రిమ్ము వెడల్పుకు సరిగ్గా నడిమి గీత ఒకటి అనుకోండి. హబ్‌కు (చక్రాన్ని బిగించే ఇరుసు చివరకు) ఆనుకునే రిమ్ము ముఖం ఆ గీతకు ఎంత దూరంలో ఉందో చెప్పేదే ఆఫ్‌సెట్. ప్లస్ అంకె అంటే ఆ ముఖం వీధి వైపు ఉందన్నమాట. అంకె పెరిగేకొద్దీ చక్రం కారు లోపలికి పోతుంది, తగ్గేకొద్దీ బయటికి వస్తుంది. 7.5 అంగుళాలు అంటే 190.5 మి.మీ. అందులో సగం 95.25. దానికి 48 కలిపితే 143.25, అది హబ్ ముఖం నుంచి లోపలి అంచు దూరం. 48 తీసేస్తే 47.25, అది బయటి అంచు దూరం.

మీ మిత్రుడి రిమ్ముకు ఇదే చేయండి. 9.5 అంగుళాల్లో సగం 120.65. లోపలి అంచు 142.65, బయటి అంచు 98.65. లోపలివైపు కంపెనీ రిమ్ముతో తేడా అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. అదనంగా వచ్చిన రెండు అంగుళాల వెడల్పు మొత్తం, 51 మి.మీ., బయటికే వచ్చేసింది. లోపల ఖాళీగా ఉన్న చోటును ఒక్క మిల్లీమీటరు కూడా వాడుకోకుండా భారమంతా మడ్‌గార్డు అంచు మీద వేసే రిమ్ము అది. ఒళ్ళంతా వెడల్పు చేసిన మడ్‌గార్డులున్న కారుకు సరిపోతుంది. మీది అలాంటిది కాదు.

టైరు సంగతి ఇంకా విచిత్రం. 215లో 40 శాతం 86. అది పైన, కింద కలిపి 172. 18 అంగుళాలు 457.2. మొత్తం వ్యాసం 629 మి.మీ. 245/40 ఆర్18కు ఇదే లెక్క వేస్తే 653 వస్తుంది. అంటే వ్యాసార్ధం 12 మి.మీ. పెరిగింది. మీరు కారును 30 దించారు, పెద్ద టైరు దాన్ని మళ్ళీ 12 లేపింది. నేల నుంచి కొలిస్తే నికరంగా దిగింది 18 మాత్రమే. కానీ టైరు నెత్తికీ మడ్‌గార్డుకూ మధ్య సందు చూడండి: దించినందుకు 30, టైరు పెరిగినందుకు మరో 12, మొత్తం 42 తగ్గింది. కింద సగం దించుడే దక్కింది, పైన ఒకటిన్నర దించుడు ఖరీదు కట్టారు. స్పీడోమీటరు 70 మైళ్ళు చూపినప్పుడు కారు అసలు వేగం ఇదివరకటి కంటే దాదాపు మూడు మైళ్ళు ఎక్కువ ఉంటుంది, గేర్లు కూడా కాస్త బరువెక్కినట్టు అనిపిస్తాయి.

ఈ పాఠం నేను చదివి నేర్చుకోలేదు. నా మొదటి కారు 2013 సైయన్ ఎఫ్ఆర్-ఎస్, మీ కారుకు అన్న లాంటిది. దాన్ని దించి, 18×9.5 +35 రిమ్ములకు 235/40 ఆర్18 టైర్లు వేశాను. మూడు వారాలు టైరు మడ్‌గార్డుకు ఎక్కడా రాసుకోలేదు. పార్కింగులో నిలబడి పక్క నుంచి ఎన్నిసార్లు చూసుకున్నానో నాకే తెలియదు. ఆ మూడు వారాలూ కారులో నేనొక్కడినే. తరవాత అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. విమానాశ్రయంలో 23 కిలోల సూట్‌కేసులు రెండు, ఒకటి డిక్కీలో, ఒకటి వెనక సీటు మడిచి, ముందు సీటులో అమ్మ. రహదారి దిగే దారిలో కాంక్రీటు పలక ఒకటి కుంగి ఉంది. అక్కడ కారు ఒక్కసారి కూర్చుంది. వెనక నుంచి తాటిమట్టను నిలువునా చీల్చినట్టు ఒక శబ్దం. ఆ వెంటనే వాసన. "ఏదో కాలుతోంది నాన్నా, బండి పక్కకు ఆపు" అంది అమ్మ. ఫోను వెలుగులో చూస్తే కుడి వెనక టైరు భుజం మీద బత్తాయి తొక్క ఒలిచినట్టు సన్నటి రబ్బరు పట్టీ వేలాడుతోంది. మడ్‌గార్డు లోపలి అంచు పెయింటు పోయి తెల్లగా మెరుస్తోంది, బయటివైపు లోహం వేలెడు మేర ఉబ్బింది. ఆ ఉబ్బు కారు అమ్మేదాకా అలాగే ఉంది.

అందుకే ఎవరైనా "నా కారుకు ఈ సైజు సరిపోయింది, ఫొటో చూడండి" అంటే నేను మొదట అడిగేది, వెనక మనిషి కూర్చున్నాక గుంతలో పడిందా అని. నిలిచి ఉన్న కారులో ఏ చక్రమైనా సరిపోయినట్టే ఉంటుంది. సస్పెన్షన్ పూర్తిగా నలిగి బంప్ స్టాపు (చివర ఆపే రబ్బరు దిమ్మ) మీదికి వెళ్ళినప్పుడు, అదే సమయంలో స్టీరింగు తిరిగి ఉన్నప్పుడు ఏం జరుగుతుందన్నదే అసలు ప్రశ్న.

కాబట్టి కొనకముందు కొలవాలి. దీనికి ఖరీదైన పనిముట్లేమీ అక్కర్లేదు. ఒక దారం, దాని చివర కట్టడానికి ఒక నట్టు, అలెన్ కీల కట్ట, పిల్లలు బొమ్మలు చేసుకునే రంగు మట్టి, అంతే.

బయటివైపు మొదలుపెట్టండి. సమతలంగా ఉన్న చోట కారు నిలపండి. మడ్‌గార్డు అంచుకు, చక్రం కేంద్రానికి సరిగ్గా పైన, దారాన్ని టేపుతో అంటించి నట్టును వేలాడదీయండి. దారం నుంచి టైరు పొట్ట (పక్కగోడ ఉబ్బు) ఎంత లోపల ఉందో స్కేలుతో కొలవండి. టైరు నెత్తి దగ్గర ఒకసారి, హబ్ ఎత్తులో ఒకసారి కొలిస్తే రెండు అంకెలు వేరుగా వస్తాయి. కాంబర్ వల్ల, అంటే చక్రం నిట్టనిలువుగా కాక కాస్త ఏటవాలుగా ఉండటం వల్ల, నెత్తి లోపలికి వాలి ఉంటుంది. ఈ టైరు వ్యాసానికి ఒక్కో డిగ్రీ కాంబర్‌కు టైరు నెత్తి హబ్ కంటే సుమారు 5 మి.మీ. లోపలికి పోతుంది. కుడి, ఎడమ రెండూ కొలవండి. ఏ కారులోనూ అవి అచ్చంగా ఒకేలా ఉండవు, రెండు మూడు మిల్లీమీటర్ల తేడా మామూలే.

లోపలివైపు ముందు చక్రాల దగ్గర అడ్డొచ్చేది స్ట్రట్, అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసి ఉన్న నిలువు గొట్టం. కంపెనీ టైరు లోపలి పొట్టకూ స్ట్రట్ గొట్టానికీ మధ్య అలెన్ కీలను ఒక్కొక్కటిగా దూర్చి చూడండి. ఎనిమిది మి.మీ. కీ దూరి పది మి.మీ. కీ దూరకపోతే సందు ఎనిమిదికీ పదికీ మధ్య ఉందన్నట్టు. లావైన వాటికి డ్రిల్ బిట్ల వెనక భాగం పనికొస్తుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. ముందు సస్పెన్షన్ స్ట్రట్ రకం కాబట్టి చక్రమూ స్ట్రట్టూ కలిసే పైకీ కిందికీ కదులుతాయి. కారు ఎంత దించినా ఆ రెండింటి మధ్య సందు మారదు. అందువల్ల దించిన కారులో కూడా లోపలి చోటు చెక్కుచెదరకుండా మిగిలి ఉంటుంది, దాన్ని వాడుకోవడమే తెలివి.

ఒక్క మెలిక: కాంబర్ ఎలా పెంచుతున్నారన్నది. స్ట్రట్‌ను చక్రం పిడికి బిగించే చోట కాంబర్ బోల్టులు వేసి పెంచితే టైరు నెత్తి స్ట్రట్ వైపే వాలుతుంది, సందు తగ్గిపోతుంది. స్ట్రట్ పైన, బానెట్ కింద, కాంబర్ ప్లేట్లు వేసి పెంచితే స్ట్రట్టే చక్రంతో పాటు వాలుతుంది, సందు అలాగే ఉంటుంది. ఒకే రెండు డిగ్రీలు, కానీ ఒక పద్ధతిలో టైరు స్ట్రట్‌ను గీస్తుంది, మరో పద్ధతిలో గీయదు. మీ కారులో బోల్టులు వేశారో ప్లేట్లు వేశారో మీరు రాయలేదు. స్ప్రింగులు మాత్రమే మార్చారంటే బహుశా రెండూ లేవు.

వెనక కథ వేరు. అక్కడ డబుల్ విష్‌బోన్ అమరిక, అంటే చక్రాన్ని పైనా కిందా చేతుల్లాంటి కడ్డీలు పట్టుకుని ఉంటాయి. కారు దిగితే వెనక చక్రాల నెత్తి తనంతట తానే లోపలికి వాలుతుంది. మీరు దించాక వెనక చక్రాలు ముందువాటి కంటే ఎక్కువ నక్కినట్టు కనిపించడానికి కారణం అదే. బయట కాస్త చోటు ఉచితంగా వచ్చినట్టే కానీ, కాంబర్‌తో పాటు టో (పై నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది. అలైన్‌మెంట్ చేయించకపోతే టైరు లోపలి అంచు నెలల్లో అరిగిపోతుంది. అరుగుదలకు అందరూ కాంబర్‌ను తిడతారు, నా అనుభవంలో నూటికి తొంభైసార్లు దోషం టోది.

ఇక రంగు మట్టి. మడ్‌గార్డు లోపలి అంచు వెంట, ప్లాస్టిక్ కవచం మీద, బంపరూ మడ్‌గార్డూ కలిసే మూల దగ్గర చిటికెడు చిటికెడు అంటించండి. ముందు ఎడమ చక్రాన్ని ఒక ర్యాంపు మీద, వెనక కుడి చక్రాన్ని మరో ర్యాంపు మీద ఎక్కించండి. ఐమూలగా బరువు పడి ఆ రెండు చోట్లా సస్పెన్షన్ బాగా నలుగుతుంది. స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. దిగి మట్టి ఎంత మందం మిగిలిందో చూడండి. తరవాత రెండో ఐమూల. నడుస్తున్న కారు దీనికంటే ఇంకా ఎక్కువ కూర్చుంటుంది కాబట్టి మట్టి ఐదారు మిల్లీమీటర్లే మిగిలితే ఆ చోట చోటు లేదనే లెక్కించుకోండి. జాకీ మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టవద్దని వేరే చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాను.

ఇప్పుడు ఆ అంకెలను ఏ రిమ్ముకైనా పోల్చవచ్చు. కాకపోతే కారుకు రాసుకునేది రిమ్ము అంచు కాదు, టైరు పొట్ట. దాని లెక్క కొంచెం వేరు. టైరు మీద రాసిన 245 అనేది ఆ టైరును కొలవడానికి నిర్ణయించిన ఒక వెడల్పు రిమ్ము మీద ఉజ్జాయింపు కొలత. అంతకంటే అర అంగుళం వెడల్పు రిమ్ముకు ఎక్కిస్తే పొట్ట సుమారు 5 మి.మీ. పెరుగుతుంది, అర అంగుళం ఇరుకు రిమ్ముకు ఎక్కిస్తే అంతే తగ్గుతుంది. మీ 215/40 పొట్ట 7.5 రిమ్ము మీద 218 ప్రాంతంలో ఉంటుంది. 245/40 ఆర్17 టైరు 9 అంగుళాల రిమ్ము మీద సుమారు 253. తేడా 35, ఒక్కో వైపుకు 17.5. ఆ రిమ్ము ఆఫ్‌సెట్ +45 అయితే నడిమి గీత మొత్తంగా 3 మి.మీ. బయటికి జరుగుతుంది. కాబట్టి టైరు లోపలికి 14.5, బయటికి 20.5 పెరుగుతుంది. ఈ రెండు అంకెలనూ మీ అలెన్ కీలతో, దారంతో కొలిచినవాటి నుంచి తీసేయండి. లోపల కనీసం 4, 5 మి.మీ. మిగలాలి. తయారీదారును బట్టి ఒకే సైజు టైర్ల వెడల్పు కూడా మారుతుంది కాబట్టి కొనబోయే టైరు వివరాల పట్టికలో అసలు వెడల్పు చూసుకోండి. ట్రాక్ కోసం చేసిన మెత్తటి టైర్ల భుజాలు చతురస్రంగా ఉంటాయి, అంకె ఒకటే అయినా ముందుగా తగిలేది అవే.

సైజు కంటే ముందు చూడాల్సింది మరొకటి ఉంది, రిమ్ము అసలు హబ్‌కు ఎక్కుతుందా అన్నది. మీ కారు బోల్టుల అమరిక 5×100. అంటే ఐదు బోల్టులు, వాటి కేంద్రాల మీదుగా గీసిన వృత్తం వ్యాసం 100 మి.మీ. మార్కెట్లో విరివిగా దొరికేది 5×114.3. దాన్ని 5×100కు మార్చే అడాప్టర్లు అమ్ముతారు. అవి చక్రాన్ని ఇంకా బయటికి తోస్తాయి, మీ కష్టమంతా దాన్ని లోపలికి తేవడానికే కదా. వద్దు.

5×100 అని రాసి ఉంటే చాలదు. మధ్య రంధ్రం కొలత కూడా చూడాలి. జీఆర్86 మీద బ్యాడ్జీ టయోటాదే అయినా కారు తయారయ్యేది జపాన్ గున్మాలో సుబారు కర్మాగారంలో. హబ్ కూడా సుబారు కొలతే, 56.1 మి.మీ. 2010 నుంచి 2022 వరకు వచ్చిన టయోటా ప్రియస్ రిమ్ములు 5×100 కానీ వాటి రంధ్రం 54.1. మీ హబ్ మీదికి ఎక్కనే ఎక్కవు. ఫోక్స్‌వ్యాగన్ పోలో రిమ్ములు కూడా 5×100, రంధ్రం 57.1. ఇవి ఎక్కుతాయి, అదే ప్రమాదం. చుట్టూ అర మిల్లీమీటరు వదులు. పైగా ఆ కంపెనీ సొంత రిమ్ముల్లో బోల్టు కూర్చునే గుంట బంతి ఆకారంలో ఉంటుంది, మీ నట్లు శంకువు ఆకారంవి. గుంటలో నట్టు అంచు మీద మాత్రమే ఆనుతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, రోడ్డు మీద వదులవుతుంది. విడిగా అమ్మే రిమ్ముల్లో చాలావాటికి రంధ్రం 73.1 ఉంటుంది. ఏ కారుకైనా సరిపోవాలని అలా చేస్తారు. వాటికి 73.1 నుంచి 56.1కు తగ్గించే హబ్ రింగులు వేయించండి. నాలుగు రింగుల ధర ఒక భోజనం ఖర్చు. వేయకపోతే 65 మైళ్ళ దగ్గర స్టీరింగు వణుకుతుంది, మీరేమో బ్యాలెన్సింగు మళ్ళీ మళ్ళీ చేయిస్తూ ఉంటారు. మీ నట్ల మర ఎం12×1.25.

హైదరాబాదు, విజయవాడల్లో పోలో, వర్టస్ ఉన్నవాళ్ళు దీన్ని చదివి ఇదే లెక్క వేసుకోవచ్చు, గణితం ఎక్కడైనా ఒకటే. అయితే అక్కడ తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే మోడలు పై రకానికి కంపెనీ ఇచ్చే సైజుకు దగ్గరగా ఉండటం మేలు.

సరే, ఇంతకీ ఏది కొనాలి? ఏ తలనొప్పీ వద్దనుకుంటే 17×8, +45, 225/45 ఆర్17. వ్యాసం 634, మీ ఇప్పటి టైరు కంటే వ్యాసార్ధం రెండున్నర మిల్లీమీటర్లే ఎక్కువ. టైరు లోపలికి 3, బయటికి 9 పెరుగుతుంది. 30 మి.మీ. దించిన కారులో ఇది రాసుకోవడం నేను చూడలేదు. 18 అంగుళాల రూపమే కావాలంటే 18×8.5, +45, 225/40 ఆర్18. వ్యాసం 637. టైరు లోపలికి ఐదారు, బయటికి పదకొండు పన్నెండు. చూడటానికి బాగుంటుంది, బండిని పాడు చేయదు. చాలామంది ఇక్కడ ఆగుతారు, ఆగవచ్చు.

నా ఓటు మాత్రం 17×9, +42 నుంచి +45 మధ్య, 245/40 ఆర్17కు. దీని వ్యాసం 628, మీ ఇప్పటి టైరుతో తేడా ఒక మిల్లీమీటరు చిల్లర. స్పీడోమీటరు, గేర్లు, పై సందు ఏవీ మారవు. రిమ్ము అంగుళం తగ్గింది కాబట్టి టైరు గోడ 86 నుంచి 98కి పెరిగింది. మీరు 30 మి.మీ. దించి సస్పెన్షన్ ప్రయాణం తగ్గించుకున్నారు, ఆ గోడలో 12 మి.మీ. అదనపు రబ్బరు ఆ లోటును కొంత పూడుస్తుంది. డాలస్ రహదారుల కాంక్రీటు అతుకుల మీద తేడా నడుముకు తెలుస్తుంది. ప్రీమియం రకంలో 18 అంగుళాలు ఇచ్చినా మామూలు రకం వచ్చేది 17తోనే, బ్రేకులు అవే, కాబట్టి 17 వాటిని తగలదు. పెద్ద బ్రెంబో బ్రేకులు తరవాత వేయించుకున్నవాళ్ళు మాత్రం రిమ్ము ఆకుల వెనక కాలిపరుకు (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగానికి) చోటుందో లేదో ముందు చూసుకోవాలి. ఆటోక్రాస్‌లో 245 పట్టు మీకు మొదటి మలుపులోనే తెలుస్తుంది. అంతకంటే వెడల్పు వద్దు. 228 గుర్రాల కారు ఇది. వెనక చక్రాలు కాస్త జారనిస్తేనే దాని సరదా. 265 వేసి దాన్ని నేలకు అంటించేస్తే మలుపుల్లో వేగం పెరుగుతుంది, మొహంలో నవ్వు తగ్గుతుంది.

ఫొటోలో 17 కాస్త చిన్నగా కనిపిస్తుందని అంటారు. నిజమే. కారు నడిపేటప్పుడు మనం చక్రాన్ని చూడం.

బరువు కూడా చూడండి. నేను కొత్త రిమ్ము కొన్న ప్రతిసారీ స్నానాల గదిలో బరువు చూసుకునే యంత్రం మీద నేను నిలబడి ఒకసారి, రిమ్ము పట్టుకుని నిలబడి ఒకసారి చూస్తాను, తీసివేత చేస్తాను. చవకగా పోతపోసిన 18×9.5 రిమ్ముకూ మంచి తేలికైన 17×9కూ మధ్య మూడు కిలోల తేడా రావడం మామూలే. నాలుగు చక్రాలకు పన్నెండు. అదీ స్ప్రింగులకు కింద, గిర్రున తిరిగే చోట. గుంత తగిలిన ప్రతిసారీ డంపరు (షాక్ అబ్జార్బరు) ఆ బరువును అదుపు చేయాలి.

ముందు, వెనక ఒకే సైజు ఉంచండి. ఈ కారు కంపెనీ నుంచే నాలుగూ ఒకే సైజుతో వస్తుంది. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చుకుంటే టైర్లు ఎక్కువ కాలం వస్తాయి. వెనక వెడల్పు పెంచితే ముందు జారే గుణం పెరుగుతుంది, మలుపులో కారు తిరగనంటుంది. భార సూచిక కూడా కంపెనీ టైరు కంటే తగ్గకూడదు. 215/40 ఆర్18 మీద 85 అని ఉంటుంది, అంటే ఒక్కో టైరుకు 515 కిలోలు. 245/40 ఆర్17 మామూలుగా 91తో వస్తుంది, 615 కిలోలు. చింత లేదు. చింత అంతా ఇరుకు టైరును వెడల్పు రిమ్ముకు సాగదీసి ఎక్కించేవాళ్ళది. 215 టైరును 9.5 రిమ్ము మీద చూశాను నేను, డోలు మీద చర్మం బిగించినట్టు ఉంది. మలుపులో అంచు ఊడితే అడ్డుకోవడానికి ఏమీ ఉండదు.

స్పేసర్ల గురించి, అంటే హబ్‌కూ రిమ్ముకూ మధ్య పెట్టే బిళ్ళల గురించి, ఒక మాట. లోపల ఒకటి రెండు మిల్లీమీటర్లు తక్కువైతే 3 మి.మీ. స్పేసరు తప్పు కాదు. వేశాక నట్టు మర మీద ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టండి. 12 మి.మీ. బోల్టుకు కనీసం అంతే పొడవు పట్టు ఉండాలి, 1.25 మర అంటే దాదాపు పది చుట్లు. ఎనిమిదికే బిగిసిపోతే పొడవైన బోల్టులు వేయించకుండా కారు కదల్చవద్దు. హబ్ పెదవి కూడా రిమ్ము రంధ్రంలోకి చేరుతోందో లేదో చూడండి, మందమైన స్పేసరు ఆ పెదవిని మింగేస్తుంది.

మడ్‌గార్డు అంచు మడిపించడం కడపటి మాటగా ఉంచుకోండి. 17×9కు కొలతలు వచ్చాక బయట రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ పడితే, కాంబర్ ప్లేట్లు వేయించి, అలైన్‌మెంట్‌లో ముందు ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీల నెగటివ్ కాంబర్ (నెత్తి లోపలికి వాలేలా) పెట్టించండి, అది సరిపోతుంది. ఆటోక్రాస్‌కు కూడా అదే మేలు. అంచు మడవాల్సే వస్తే వేడి గాలి యంత్రంతో పెయింటును బాగా వేడి చేసి, నిదానంగా చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. చల్లటి పెయింటు మీద మడిస్తే వెంట్రుకవాసి పగుళ్ళు వచ్చి, వచ్చే వానాకాలానికి తుప్పు మొదలవుతుంది.

బిగింపు 120 న్యూటన్ మీటర్లు, అంటే 89 పౌండు అడుగులు, టార్క్ రెంచితో, నక్షత్రం వరుసలో. కొత్త రిమ్ములు వేసిన 50, 60 మైళ్ళకు మళ్ళీ ఒకసారి చూడండి. టైర్లలో గాలి సెన్సర్లు కొత్త రిమ్ముల్లోకి మార్పించడం దుకాణంవాళ్ళు మరిచిపోతారు, ముందే గుర్తు చేయండి. పాత రిమ్ములు అమ్మకండి. డాలస్‌లో మంచు పడేది ఏడాదికి ఒకటి రెండుసార్లే అయినా, కారు అమ్మే రోజున కొనేవాడు మొదట అడిగేది వాటినే.

ఈ శనివారం దారం, అలెన్ కీలు పట్టుకుని కూర్చోండి. ముందు రెండు స్ట్రట్ల దగ్గర సందు, నాలుగు మడ్‌గార్డుల దగ్గర దారం కొలత, ఐమూల పరీక్షలో మట్టి ఎక్కడ ఎంత మిగిలిందీ రాసి పంపండి. +42 తీసుకోవాలో +45 తీసుకోవాలో ఆ అంకెలు చూసి చెబుతాను.